అమరకోశం నుంచి జీ.ఆర్.ఈ. దాకా: సరిహద్దు పిల్లల మాటల చదువు



అమెరికాలో పై చదువులకు వెళ్ళదలచుకున్న మన పిల్లలు జీ.ఆర్.ఈ. అనే పరీక్ష రాస్తుంటారు. గ్రాడ్యుయేట్ రికార్డ్ ఎగ్జామినేషన్ అన్నది దాని పూర్తి పేరు. అందులో లెక్కలు ఒక భాగం, ఇంగ్లీషు ఒక భాగం. లెక్కలంటే మన ఇంజనీరింగు పిల్లలకు అంత భయం లేదు. భయమల్లా ఇంగ్లీషు మాటలతోనే. రాయచూరులోనో, సింధనూరులోనో, మాన్వి పక్కన ఏ క్యాంపు ఊళ్ళోనో పుట్టి, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో ఉర్దూ మాట్లాడుతూ పెరిగిన పిల్లవాడికి ఆ మాటలు కొరుకుడు పడవు. అందుకని వేల మాటల జాబితాలు ముందు పెట్టుకుని, తెల్లవారుజామున లేచి వల్లె వేస్తుంటారు. ఆ మాటలు ఏ వార్తాపత్రికలోనూ తరచుగా కనిపించవు, ఏ స్నేహితుడి నోటా వినిపించవు.

ఇది కంప్యూటర్ల కాలంలో కొత్తగా వచ్చిన అవస్థ అని చాలామంది అనుకుంటారు. చరిత్ర చూస్తే అలా కనిపించదు. మన సీమలో ప్రతి కాలంలోనూ ఒక వాకిలి ఉంది, ఆ వాకిలి దాటడానికి నేర్చుకోవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. ఒకప్పుడవి సంస్కృతం మాటలు, తరువాత ఫారసీ మాటలు, ఆ మీదట ఉర్దూ, ఇప్పుడు ఇంగ్లీషు. ఆ మాటల చదువు చరిత్రను ఈ ప్రసంగంలో కొంచెం తరచి చూద్దాం. ఎందుకంటే పాత చదువులోని మంచీ చెడూ తెలిస్తే, ఇప్పటి చదువులో ఏది పట్టుకోవాలో, ఏది వదిలిపెట్టాలో తెలుస్తుంది.

ముందు రెండు వందల ఏళ్ళ వెనక్కి, తుంగభద్రకు ఆవలి ఒడ్డుకు వెళదాం. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన ఏలుబడిలోని జిల్లాలలో బడులు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఏం చెబుతున్నారో లెక్క తీసి పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. అప్పటి బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్. ఆయన 1823 ఆగస్టులో పంపిన నివేదిక ఈనాటికీ చదువుల చరిత్ర రాసేవాళ్ళు తరచుగా ఎత్తిచూపే పత్రం. అప్పటి బళ్ళారి జిల్లా చాలా పెద్దది, ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా అందులోదే. ఆ జిల్లా జనాభా తొమ్మిది లక్షల పైచిలుకు. బడులు 533. వాటిలో కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226, మరాఠీవి 23, ఫారసీవి 21, తమిళానివి 4. ఇంగ్లీషు బడి ఒకే ఒక్కటి. తక్కినవి సంస్కృత విద్యలు చెప్పేవి. కన్నడ బడులూ తెలుగు బడులూ దాదాపు సమానంగా ఉన్నాయన్న సంగతి గమనించండి. సరిహద్దు సీమ అంటే ఏమిటో ఆ రెండు అంకెలే చెబుతాయి.

ఆ బడులలో మాటలు నేర్పడానికి ఏ పుస్తకాలు వాడేవారో కూడా క్యాంప్‌బెల్ పేర్లతో సహా రాశాడు. అమరకోశం, ఆంధ్రదీపిక, ఆంధ్రనామ సంగ్రహం, కన్నడ వ్యాకరణమైన శబ్దమణిదర్పణం ఆ పట్టికలో ఉన్నాయి. తెలుగు పుస్తకం పక్కనే కన్నడ పుస్తకం. అమరకోశం సంగతి మన పెద్దవాళ్ళలో చాలామందికి తెలుసు. అమరసింహుడు కూర్చిన పర్యాయపదాల గ్రంథమది. సుమారు 1500 శ్లోకాలు, మూడు కాండాలు. అకారాది క్రమం కాదు, వర్గాల క్రమం. స్వర్గానికి సంబంధించిన మాటలన్నీ ఒకచోట, భూమికి సంబంధించినవి ఒకచోట, చెట్లూ మందుమొక్కలూ ఒకచోట, మనుషుల చుట్టరికాలు ఒకచోట. పిల్లలు దాన్ని అచ్చంగా కంఠస్థం చేసేవారు. ఏడెనిమిదేళ్ళ పసివాడు నీటికి ఉన్న పేర్లన్నీ గుక్క తిప్పుకోకుండా ఒప్పజెప్పేవాడు.

ఇప్పుడు జీ.ఆర్.ఈ. పుస్తకం వెనకవైపున ఉండే మాటల జాబితాను, అమరకోశాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటి పనీ ఒకటే: రోజువారీ వాడుకలో లేని మాటలను, పై చదువుకు కావలసిన మాటలను, జ్ఞాపకంలోకి ఎక్కించడం. మన ముత్తాతలు చేసిన పనినే మన మనుమలు చేస్తున్నారు. భాష మారింది, పద్ధతి మారలేదు.

అయితే క్యాంప్‌బెల్ మెచ్చుకున్నదీ ఉంది, తప్పు పట్టినదీ ఉంది. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, ముందు నేర్చినవాళ్ళు వెనకటివాళ్ళకు నేర్పడం ఆయనకు నచ్చాయి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ అన్నాడు. నచ్చనిదేమిటంటే, పిల్లలు పద్యాలు, శ్లోకాలు గడగడ చదువుతారు గాని వాటి అర్థం వాళ్ళకు తెలియదు, చాలాచోట్ల చెప్పే పంతులుకూ తెలియదు అన్నాడు. పుస్తకాల భాష వేరు, మాట్లాడే భాష వేరు కావడమే దీనికి మూలమని ఆయన అభిప్రాయం. ఆయన పరాయి పాలకుడు, ఆయన చూపుకు పరిమితులున్నాయి. ఆ మాట నిజమే. కాని అర్థం తెలియని కంఠపాఠం గురించి ఆయన అన్నది ఇప్పటి మన పిల్లల విషయంలోనూ ఆలోచించవలసినదే.

ఇంకొక సంగతి కూడా ఆయన దాచకుండా రాశాడు. దాదాపు పది లక్షల జనాభాలో బడిలో ఉన్న పిల్లలు 6,641 మంది మాత్రమే. అందులో ఆడపిల్లలు 60 మంది. దీనికి కారణం దేశం క్రమక్రమంగా పేదదైపోవడమే అన్నాడు. సీమ నూలు బట్టలు వచ్చి ఇక్కడి నేతపని దెబ్బతిన్నదనీ, పిల్లలకు కాస్త ఒంట్లో బలం రాగానే తల్లిదండ్రులు పనిలో పెట్టవలసి వస్తున్నదనీ రాశాడు. మాటల చదువు ఎప్పుడూ ఒట్టి మాటల సంగతి కాదు, తిండిగింజల సంగతి కూడా అని ఆ నివేదిక మనకు గుర్తు చేస్తుంది.

ఈ క్యాంప్‌బెల్‌కు మరొక ముఖం ఉంది. ఆయన తెలుగు నేర్చుకున్న పండితుడు. 1816లో తెలుగు వ్యాకరణం, 1821లో తెలుగు నిఘంటువు వెలువరించాడు. ఆ 1816 వ్యాకరణానికి ఎఫ్.డబ్ల్యూ. ఎల్లిస్ అనే ఆయన ఒక పీఠిక రాశాడు. తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబానికి చెందిన భాషలు, వాటి పుట్టుక సంస్కృతం నుంచి కాదు అని మాటల పట్టికలతో మొదటిసారిగా చూపించిన పీఠిక అది. మచిలీపట్నానికి చెందిన వర్తకుడు, పండితుడు మామిడి వెంకయ్య కూర్చిన ఆంధ్రదీపిక కూడా ఎల్లిస్‌కు ఆధారంగా నిలిచింది. అంటే మన భాషల చుట్టరికం తేల్చిన పనిలో ఒక తెలుగు కోమటి చేయి కూడా ఉందన్నమాట. ఈ చుట్టరికం సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు మన పిల్లలకు పనికి వస్తుంది.

ఇక తుంగభద్రకు ఇవతలి ఒడ్డుకు, మన రాయచూరుకు వద్దాం. ఇక్కడ వాకిలి భాష సంస్కృతం కాదు. నిజాం ఏలుబడిలో 19వ శతాబ్దం చివరిదాకా సర్కారు భాష ఫారసీ, ఆ తరువాత ఉర్దూ. 1853లో బీరారుతో పాటు రాయచూరు అంతర్వేదిని కూడా ఇంగ్లీషువాళ్ళు తమ చేతిలోకి తీసుకున్నారు. 1860లో మళ్ళీ నిజాముకు ఇచ్చేశారు. ఆ ఏడేళ్ళు పోగా, 1948 దాకా ఇక్కడి రైతు కచేరీకి వెళితే వినవలసింది ఫారసీ, ఉర్దూ మాటలే. తహసీలు, జమాబందీ, దస్తావేజు, ఖాతా, పహాణీ, దరఖాస్తు, హుకుం, ఫైసలా. ఈ మాటలు తెలియని రైతు భూమి పోగొట్టుకునేవాడు. తెలిసినవాడు నిలబెట్టుకునేవాడు. బడికి వెళ్ళని రైతు కూడా ఆ మాటలు ఎలా నేర్చాడు? జాబితా పట్టుకుని కాదు. ఒక్కొక్క మాట వెనుక తన పొలం, తన పన్ను, తన తగాదా ఉన్నాయి గనుక నేర్చాడు. అందుకే అవి పోకుండా నిలిచాయి. రైతు అన్న మాటే అరబ్బీ, ఫారసీల దారిన వచ్చిందని చెబితే ఇప్పుడెవరూ నమ్మరు. అంతగా అది మన మాటైపోయింది.

ఈ కలగలుపు భాషను తక్కువగా చూడని ఒక పండితుడి గురించి ఇక్కడ చెప్పుకోవాలి. ఆయన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1817లో మద్రాసు వచ్చి, 1820లో కడపలో ఉద్యోగంలో చేరి, జూలూరి అప్పయ్య వంటి పండితుల సాయంతో తెలుగు పుస్తకాల మీద జీవితమంతా పని చేశాడు. ఆయన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు, తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1850ల మొదట్లో వచ్చాయి. 1854లో మూడవది ఒకటి వేశాడు. అది మిశ్రభాషా నిఘంటువు. తెలుగులో కలిసిపోయిన హిందుస్తానీ, ఇంగ్లీషు వంటి పరభాషా పదాల కోసమే ప్రత్యేకంగా చేసినది. కచేరీలోనూ బజారులోనూ జనం నిజంగా ఏ మాటలు వాడుతున్నారో అవి నిఘంటువుకు ఎక్కాలి అన్నది ఆయన పట్టుదల. మిశ్రమ భాష మాట్లాడతారని మన సరిహద్దువాళ్ళను ఎగతాళి చేసేవాళ్ళకు బ్రౌను పుస్తకం ఎప్పుడో సమాధానం చెప్పింది.

ఇంగ్లీషు మన ఊరికి ఏ దారిన వచ్చింది? ఒక ముఖ్యమైన దారి రైలు పట్టాలు. 1871లో బొంబాయి వైపు నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసు వైపు నుంచి వచ్చిన మద్రాసు రైల్వే రెండూ మన రాయచూరులోనే కలుసుకున్నాయి. బొంబాయికీ మద్రాసుకూ ముడి పడింది ఇక్కడే. టికెట్టు, స్టేషను, సిగ్నలు, గార్డు, ప్లాట్‌ఫారం అనే మాటలు ఏ బడీ చెప్పకుండానే కూలివాడి నోటికీ, పండ్లమ్ముకునే ఆమె నోటికీ వచ్చేశాయి. పని ఉన్న మాట నోటికి రావడానికి ఎంతోకాలం పట్టదు.

పై చదువుల సంగతి మాత్రం వేరు. 1918లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. ఇంగ్లీషు తప్పనిసరిగా చదవవలసిన ఒక భాష మాత్రమే. దానికోసం అనువాద శాఖ ఒకటి పెట్టి, విజ్ఞాన శాస్త్రాలకు, వైద్యానికి, న్యాయానికి వేలకొద్దీ ఉర్దూ పారిభాషిక పదాలు తయారు చేశారు. తెలుగు, కన్నడం, మరాఠీ ఇళ్ళ నుంచి వెళ్ళిన పిల్లలు ఆ పదాలన్నీ నేర్చుకుని పట్టాలు తెచ్చుకున్నారు. 1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. కొద్దికాలంలోనే అక్కడ ఇంగ్లీషు బోధన భాష అయింది. ఎంతో కష్టపడి నేర్చిన మాటలు ఒక్కసారిగా వాకిలి తెరవడం మానేశాయి. 1956 నవంబరు 1న భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడ్డాయి. గద్వాల, ఆలంపురం తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి, తక్కిన రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరింది. అన్నదమ్ముల పిల్లలే అయినా సరిహద్దుకు ఒక వైపు ఉన్నవాడికి ఒక సర్కారు భాష, రెండో వైపు ఉన్నవాడికి మరొక సర్కారు భాష వచ్చాయి. ఇద్దరికీ ఉమ్మడిగా మిగిలిన వాకిలి ఇంగ్లీషు.

1958లో హైదరాబాదులోనే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ అనే సంస్థ వెలిసింది. దేశంలోని ఇంగ్లీషు ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం దాని పని. అదే పెరిగి పెద్దదై 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఉర్దూ మాధ్యమంలో దేశానికి దారి చూపిన ఊరే నలభై ఏళ్ళు తిరిగేసరికి ఇంగ్లీషు బోధనకు కేంద్రమైంది. వాకిలి మాటలు ఎంత వేగంగా మారతాయో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

ఇప్పుడు జీ.ఆర్.ఈ. దగ్గరకు వద్దాం. ఈ పరీక్ష 1936లో పుట్టింది. కార్నెగీ ఫౌండేషన్ అనే సంస్థ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, కొలంబియా విశ్వవిద్యాలయాలతో కలిసి దాన్ని ప్రయోగంగా మొదలుపెట్టింది. 1947లో ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ అనే సంస్థ ఏర్పడిన తరువాత పరీక్ష దాని చేతికి వచ్చింది. అమెరికాలోనే పుట్టి పెరిగిన విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని చేసిన పరీక్ష అది. మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1920లలో హార్వర్డుకు వెళ్ళినప్పటికి అది లేనే లేదు.

1965లో అమెరికా తన వలస చట్టాన్ని మార్చింది. దేశాల వారీగా పెట్టుకున్న పాత కోటాలు తీసేసింది. అప్పటి నుంచి మన డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్ళడం మొదలైంది. 1990లలో కంప్యూటరు ఉద్యోగాలు పెరిగాయి, వెళ్ళేవాళ్ళ సంఖ్యా పెరిగింది. హైదరాబాదులో అమీర్‌పేట వంటి చోట్ల శిక్షణ కేంద్రాలు వెలిశాయి. కోఠీలో, ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ల మీద బ్యారన్స్ వారి పాత పుస్తకాలు చేతులు మారాయి. అందులోని సుమారు 3500 మాటల జాబితా ఒక తరానికి రెండో అమరకోశం అయింది. మనకు బెంగుళూరు కన్నా హైదరాబాదు దగ్గర గనుక రాయచూరు పిల్లలు కూడా ఆ దారే పట్టారు. వీసాకు మాత్రం మద్రాసు వెళ్ళవలసి వచ్చేది. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు తెరిచింది 2008లో. 2017 నాటికి అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు నాలుగు లక్షలు దాటారు. 2010 నుంచి ఆ ఏడేళ్ళలో 86 శాతం పెరుగుదల.

ఆ రోజుల్లో పరీక్షలో ఒక మాట ఇచ్చి దానికి వ్యతిరేకార్థం అడిగేవారు. రెండు మాటలు ఇచ్చి, వాటి మధ్య సంబంధం వంటిదే మరొక జంటలో ఎక్కడుందో అడిగేవారు. వాక్యం లేదు, సందర్భం లేదు, ఒంటరి మాట. అందుకే జాబితా బట్టీ పట్టినవాడికి మార్కులు వచ్చేవి. 2011 ఆగస్టులో పరీక్ష మారింది. వ్యతిరేకార్థాలు, పోలిక జంటలు రెండూ తీసేశారు. ఇప్పుడు ఖాళీలున్న వాక్యాలు, పేరాలు ఇస్తారు. ఏ మాట అక్కడ సరిగ్గా అతుకుతుందో ఆలోచించి చెప్పాలి. 2023 సెప్టెంబరు నుంచి పరీక్ష సమయం రెండు గంటల లోపుకు తగ్గింది. 2020లో కరోనా వచ్చాక అమెరికాలో అనేక విశ్వవిద్యాలయాలు కొన్ని కోర్సులకు ఈ పరీక్షను తప్పనిసరి కాకుండా చేశాయి కూడా. 1823లో క్యాంప్‌బెల్ తప్పు పట్టిన దాన్నే 2011లో పరీక్ష పెట్టేవాళ్ళూ గుర్తించారు: మాట తెలియడం వేరు, మాట అర్థం తెలియడం వేరు.

మరి మన పిల్లలు ఏం చేయాలి? ఇక్కడే సరిహద్దు పిల్లలకు ఉన్న ఒక గొప్ప సౌకర్యం గురించి చెప్పాలి. మన పిల్లవాడు ఇంట్లో పాలు అంటాడు, వీధిలోకి వెళ్ళి హాలు అంటాడు. పులిని హులి అంటాడు, పువ్వును హూవు అంటాడు, పందిని హంది అంటాడు, పగలును హగలు అంటాడు. తెలుగులో పకారం ఉన్నచోట కన్నడంలో హకారం వస్తుందని వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే తెలుసు. పాత కన్నడంలో అక్కడా పకారమే ఉండేది, కాలక్రమంలో హకారమైంది. అలాగే వెన్న బెణ్ణె అవుతుంది, వెల బెలె అవుతుంది, వేరు బేరు అవుతుంది. వకారం బకారమవుతుంది.

ఇంగ్లీషులోనూ ఇలాంటి మార్పు ఒకటి ఉంది. సంస్కృతంలో, లాటినులో పకారం ఉన్నచోట ఇంగ్లీషువాళ్ళ సొంత మాటల్లో ఫకారం వస్తుంది. పితృ అన్నది లాటినులో పాతెర్, ఇంగ్లీషులో ఫాదర్. పాదం అన్నది లాటినులో పెద్, ఇంగ్లీషులో ఫుట్. 1822లో యాకబ్ గ్రిమ్ అనే జర్మన్ పండితుడు దీన్ని సూత్రంగా చెప్పాడు. కన్నడంలో జరిగిన మార్పూ ఇదీ ఒకటి కావు. వాటికీ వీటికీ చుట్టరికం లేదు. కాని ధ్వనులు ఒక క్రమంలో మారతాయి అన్న సంగతి రెండుచోట్లా ఒకటే. పాలు-హాలు తెలిసిన పిల్లవాడికి పాదం-ఫుట్ అర్థం కావడానికి ఎంతసేపు పడుతుంది?

ఇంకా చూడండి. ఇంగ్లీషులో కష్టమైన మాటలు చాలావరకు లాటిను నుంచి వచ్చినవి. లాటిను, సంస్కృతం దాయాదులు. మన తెలుగులోనూ కన్నడంలోనూ సంస్కృతపు మాటలు కుప్పలుగా ఉన్నాయి. ఇగ్నైట్ అంటే అంటించు. అందులో ఉన్నది లాటిను ఇగ్నిస్, మన అగ్ని. మన జిల్లా కొండల్లోని గ్రానైటును ఇగ్నియస్ శిల అంటారు, అంటే అగ్నిశిల. సామ్నొలెంట్ అంటే నిద్రమత్తులో ఉన్న అని, అందులో ఉన్నది మన స్వప్నానికి దాయాది. వొసిఫరస్ అంటే గట్టిగా అరిచే అని. మొదటి సగం వాక్కుకు దాయాది, రెండో సగం భరించడానికి దాయాది. ఇగ్నొమినీ అంటే అపకీర్తి. అందులో దాగి ఉన్నది నామం. పేరు పోవడమే కదా అపకీర్తి అంటే! ఇంపెక్యూనియస్ అంటే చేతిలో డబ్బు లేనివాడు. లాటినులో డబ్బుకు ఉన్న మాట పశువు అన్న మాట నుంచి పుట్టింది, మన పశువూ అదే. కొన్ని ప్రాంతాల తెలుగులో ఇప్పటికీ సొమ్ములంటే పశువులే. ఇంత తెలిశాక ఆ మాటను బట్టీ పట్టవలసిన అవసరం ఏముంది?

కొన్ని మాటలైతే మన నుంచి వెళ్ళినవే. ఇంగ్లీషులో బ్యాండికూట్ అంటే మన పందికొక్కు, తెలుగు మాటే ఓడ ఎక్కి వెళ్ళింది. జగ్గర్‌నాట్ అంటే అడ్డు వచ్చిన దాన్నంతా తొక్కుకుంటూ పోయే మహాశక్తి. అది పూరీ జగన్నాథుడి రథం. నాబాబ్ మన నవాబు. ఇలాంటి మాటలను యూల్, బర్నెల్ అనే ఇద్దరు కలిసి 1886లో హాబ్సన్-జాబ్సన్ అనే నిఘంటువుగా వేశారు.

అయితే దాయాది మాటలను గుడ్డిగా నమ్మకూడదు. మాట పోలిక ఉన్నంత మాత్రాన అర్థం ఒకటి కాదు. వేరు తెలిసిన తరువాత ఆ మాటను వాక్యంలో చూడాలి. పొదుపరి అన్నా పిసినారి అన్నా డబ్బు ఖర్చు పెట్టనివాడే. కాని మొదటిది మెప్పు, రెండోది తిట్టు. ఇంగ్లీషులో ఫ్రూగల్‌కూ పార్సిమోనియస్‌కూ ఉన్న తేడా సరిగ్గా అదే. ఇప్పటి పరీక్ష అడిగేది ఈ తేడానే. తన భాషలో పొదుపరికీ పిసినారికీ తేడా తెలియనివాడు ఇంగ్లీషులో ఆ తేడా ఎక్కడ నిలుపుకుంటాడు? గిన్నె ఉంటేనే కదా పాలు పోసుకునేది.

శ్రోతలారా, ఇంగ్లీషు కోసం ఇంటి భాష మానిపించే తల్లిదండ్రులు ఆలోచించవలసిన సంగతి ఇది. పిల్లవాడికి ఇంగ్లీషు రావాలని మనం ఇంట్లో తెలుగు మాట్లాడడం తగ్గిస్తాం, కన్నడం బడికే వదిలేస్తాం, తాతల ఉర్దూను బజారుకే వదిలేస్తాం. చివరికి వాడికి మూడు భాషల్లోనూ మూడు వందలేసి మాటలు మిగులుతాయి. అప్పుడు 3500 ఇంగ్లీషు మాటలు ఇస్తే అవి నిలిచే చోటు ఉండదు. మన సరిహద్దులో పుట్టిన పిల్లవాడికి పుట్టుకతో వచ్చిన ఆస్తి మూడు భాషలు. దాన్ని అప్పుగా భావించి తీర్చేయాలని చూస్తున్నాం.

రెండో సంగతి డబ్బు. ఈ పరీక్ష రుసుమే 20 వేల రూపాయలు దాటింది. శిక్షణ, ప్రయాణాలు, దరఖాస్తుల ఖర్చులు వేరు. మిరపా పత్తీ పండించే కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. పొలం తాకట్టు పెట్టి శిక్షణకు పంపే ముందు రెండు సంగతులు కనుక్కోవడం మంచిది. పిల్లవాడు చేరదలచిన విశ్వవిద్యాలయం, ఆ కోర్సుకు ఈ పరీక్ష అసలు అడుగుతున్నదా? అడుగుతుంటే, పరీక్ష పెట్టే సంస్థే ఉచితంగా ఇచ్చే నమూనా పరీక్షలు ముందుగా రాసి చూసుకున్నాడా? ఈ రెండూ చేయకుండా ఇచ్చే డబ్బు చాలాసార్లు వృథా అవుతుంది. 1823లో పేదరికం పిల్లలను బడి మాన్పించింది. ఇప్పుడు చదువే కుటుంబాన్ని పేదరికంలోకి నెట్టకుండా చూసుకోవాలి.

మూడవది, ఉపాధ్యాయులకు ఒక మనవి. మాటల చదువు డిగ్రీ చివరి ఏడాదిలో మొదలయ్యేది కాదు. హైస్కూలులో వారానికి ఐదు మాటలు చాలు. ఒక్కొక్క మాటకు తెలుగులో ఏమంటారు, కన్నడంలో ఏమంటారు, ఉర్దూలో ఏమంటారు, దాని వేరు ఏమిటి, ఒక వాక్యంలో ఎలా వాడతారు అని పిల్లల చేత నోటు పుస్తకంలో రాయించండి. అమరకోశంలాగా వర్గాల వారీగా రాయించండి: కోపానికి సంబంధించినవి ఒక పుట, పొదుపుకు సంబంధించినవి ఒక పుట, మాట్లాడే తీరుకు సంబంధించినవి ఒక పుట. ఏడాదికి రెండు వందలు, ఐదేళ్ళకు వెయ్యి మాటలు. అర్థం తెలిసిన వెయ్యి మాటలు అర్థం తెలియని మూడు వేల మాటల కన్నా మేలు. క్యాంప్‌బెల్ మెచ్చుకున్న పద్ధతి కూడా మళ్ళీ తేవచ్చు. పెద్ద తరగతి పిల్లలు చిన్న తరగతి వాళ్ళకు వారానికొక రోజు మాటలు నేర్పితే ఇద్దరికీ లాభమే. అప్పుడు 533 బడుల్లో 60 మంది ఆడపిల్లలు. ఇప్పుడు ఆడపిల్లలు తరగతిలో ముందు బెంచీలో కూర్చుంటున్నారు. వాళ్ళను ఇంటర్మీడియెట్ దగ్గర ఆపేయకుండా ఉంటే ఈ పుస్తకాలు వాళ్ళ చేతుల్లోనే ఎక్కువ నిండుతాయి.

వాకిలి మాటలు మారుతూనే ఉంటాయి. ఫారసీ వాకిలి మూతపడింది, ఉర్దూ వాకిలి మూతపడింది, జీ.ఆర్.ఈ. వాకిలి కూడా సగం తెరుచుకుని సగం మూసుకుని ఉంది. రేపు ఏది వస్తుందో ఎవరూ చెప్పలేరు. కాని పహాణీ, దస్తావేజు అన్న మాటలు ఆ వాకిళ్ళు పోయాక కూడా మన దగ్గరే ఉండిపోయాయి, ఎందుకంటే మన వాళ్ళు వాటిని అర్థంతో నేర్చారు, పనితో నేర్చారు. మన పిల్లలు ఇంగ్లీషు మాటలను కూడా అలాగే నేర్చుకుంటే, అమెరికా వెళ్ళినా వెళ్ళకపోయినా, ఆ మాటలు వాళ్ళవే అవుతాయి.